గర్భసంచి ఆపరేషన్, థైరాయిడ్: ఏది ముందు, ఏది వెనుక?

గర్భసంచి తీయించుకున్న కొన్నేళ్ళకు ఒళ్ళు బరువెక్కడం, జుట్టు రాలడం, పనిమీద ధ్యాస నిలవకపోవడం, రాత్రులు నిద్ర పట్టకపోవడం మొదలై, రక్తపరీక్షలో థైరాయిడ్ ఉన్నట్లు తేలడం గోదావరి ఒడ్డునున్న ధర్మపురి మొదలుకొని జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాకా ఉత్తర తెలంగాణలో తరచు వినవచ్చే మాటే కాబట్టి, ఆపరేషన్ వల్లనే థైరాయిడ్ వచ్చిందన్న నమ్మకం స్త్రీలలో బలంగా పాతుకుపోయింది. ఈ రెండూ ఒకే స్త్రీలో కనబడడం నిజమే గాని, ఈ నమ్మకంలో కార్యకారణాల వరుస కొన్నిసార్లు తలకిందులై ఉంటుంది. థైరాయిడ్ మందగించడం వల్ల నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడం, ఆ రక్తస్రావాన్ని ఆపడానికి గర్భసంచినే తీసివేయడం, అసలు జబ్బు మాత్రం ఒంట్లోనే ఉండిపోయి తర్వాతెప్పుడో బయటపడడం వైద్యశాస్త్రం ఎరిగిన సంగతే.

ఈ ప్రశ్న తెలుగు రాష్ట్రాలకు మరింత ముఖ్యమైనదని చెప్పడానికి ఒక లెక్క చాలు. 2015–16లో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం ఉన్నారు. పిన్నవయసులోనే పెళ్ళి, వెంటవెంటనే కాన్పులు, పాతికేళ్ళకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయే పల్లెల్లో, పిల్లలు పుట్టాక ఇక సంచితో పనేమిటన్న ఆలోచన సులభంగా చోటు చేసుకుంటుంది. చాట ఒడిలో పెట్టుకొని పొద్దంతా కూర్చొని బీడీలు చుట్టే స్త్రీకి నడుమునొప్పి రావడానికి ఆ కూర్చోవడమే చాలు. తెల్లబట్టకు చాలాసార్లు మందులతో తగ్గే ఇన్‌ఫెక్షనే కారణం. అయినా ఈ రెంటినీ కలిపి, వదిలేస్తే క్యాన్సర్ అవుతుందని భయపెట్టిన చోట ముప్పై ఏళ్ళ వయసులోనే ఆపరేషన్లు జరిగిపోయాయి.

అసలు గర్భసంచికి, థైరాయిడ్‌కు మధ్య సంబంధం ఎంతవరకన్నది ముందు తేల్చుకోవాలి. థైరాయిడ్ గొంతు ముందుభాగంలో ఉండే గ్రంథి. శరీరంలోని కణాలు ఎంత వేగంతో పనిచేయాలో నిర్ణయించే టీ4 (థైరాక్సిన్), టీ3 అనే హార్మోన్లను, అంటే రక్తంలో కలిసి దూరాన ఉన్న అవయవాలను నడిపించే రసాయనాలను, అది తయారుచేస్తుంది. దానిని అదుపులో ఉంచేది మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి. అది పంపే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ థైరాయిడ్‌ను పనికి పురికొల్పుతుంది. పని మందగించిన కూలీలను మేస్త్రి గట్టిగా అదిలించినట్లు, థైరాయిడ్ నీరసించినప్పుడు పీయూష గ్రంథి టీఎస్‌హెచ్‌ను పెంచుతుంది కనుకనే, రక్తంలో టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉంటే థైరాయిడ్ తక్కువగా పనిచేస్తున్నట్లు అర్థం. ఈ ఏర్పాటులో గర్భసంచికి ఏ పాత్రా లేదు; దానిని తీసివేసినంత మాత్రాన థైరాయిడ్ చెడదు. ఇక్కడ లెక్కలోకి వచ్చేవి గర్భసంచికి ఇరువైపులా ఉండి ఈస్ట్రోజన్‌ను తయారుచేసే అండాశయాలు.

థైరాయిడ్ బాగా మందగించినప్పుడు అండం సక్రమంగా విడుదల కాదు. విడుదల కాని నెలల్లో గర్భసంచి లోపలి పొర అదుపు లేకుండా మందమై, ఊడిపోయేటప్పుడు రక్తం విపరీతంగా పోతుంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కొన్ని పదార్థాలు కూడా ఈ స్థితిలో తగ్గవచ్చు. ఇటువంటి రక్తస్రావం థైరాక్సిన్ మాత్రలతో కొన్ని నెలల్లో తగ్గే అవకాశం ఉంటుంది. ఒక చిన్న టీఎస్‌హెచ్ పరీక్ష చేయకుండా గర్భసంచి మీద కత్తి పెట్టడం ఏ విధంగా చూసినా సమర్థనీయం కాదు. అలాగని ఆపరేషన్ తర్వాత బయటపడే ప్రతి థైరాయిడ్ జబ్బూ పాతదేనని అనుకోవడం కూడా పొరపాటే. శరీర రక్షణ వ్యవస్థ తన థైరాయిడ్ మీద తానే దాడి చేసే హషిమోటో వ్యాధి స్త్రీలలోనే ఎక్కువ, అదీ నడివయసులో ఎక్కువ కాబట్టి, రెండూ ఒకే వయసులో ఎదురుపడడం చాలాసార్లు కాకతాళీయమే.

అండాశయాల సంగతి ఇంతకంటే చిక్కైనది. గర్భసంచితోపాటు రెండు అండాశయాలనూ తీసివేస్తే, సహజంగా కొన్నేళ్ళపాటు క్రమంగా తగ్గవలసిన ఈస్ట్రోజన్ కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. ఒళ్ళంతా ఒక్కసారిగా సెగలు కమ్మడం, రాత్రి చెమటలు, యోనిలో పొడిదనం, ఊరికే కన్నీళ్ళు రావడం వెంటనే మొదలవుతాయి, ఎముకలు గుల్లబారడం మాత్రం చప్పుడు లేకుండా సాగిపోతుంది. అండాశయాలను ఉంచినా చిక్కు పూర్తిగా తప్పదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగేళ్ళ తర్వాత గర్భసంచి మాత్రమే తీయించుకున్నవారిలో 14.8 శాతం మందికి అండాశయాలు ఆగిపోగా, ఆపరేషన్ జరగనివారిలో అది 8 శాతంగా తేలింది. అండాశయానికి వెళ్ళే రక్తంలో కొంతభాగం గర్భసంచి రక్తనాళం కొమ్మ గుండా వెళ్తుందనీ, ఆపరేషన్‌లో ఆ దారి మూసుకుపోవడం ఇందుకు ఒక కారణం కావచ్చుననీ వైద్యులు ఊహిస్తున్నారు. నెలసరి ఎలాగూ లేదు కనుక, ముట్లుడిగిన సంగతి ఆ స్త్రీకే తెలియదు.

ఇక్కడే థైరాయిడ్, ఈస్ట్రోజన్ లక్షణాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, గొంతు బొంగురుపోవడం, ముఖం ఉబ్బడం థైరాయిడ్ మందగించడాన్ని సూచిస్తే, సెగలు, రాత్రి చెమటలు ఈస్ట్రోజన్ లోపాన్ని సూచిస్తాయి. అలసట, జుట్టు రాలడం, మనసు దిగాలు పడడం మాత్రం ఈ రెంటిలో దేనివల్లనైనా రావచ్చు, ఏళ్ళ తరబడి రక్తం పోయిన స్త్రీలో రక్తహీనత వల్ల కూడా రావచ్చు. అందువల్ల టీఎస్‌హెచ్‌తోపాటు హిమోగ్లోబిన్‌ను, అవసరమైతే అండాశయాలు ఆగిపోయినప్పుడు పెరిగే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను కూడా చూడవలసి ఉంటుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతున్నవారు పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపడం అవసరం. కొన్ని పరీక్షా పద్ధతుల్లో బయోటిన్ టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది.

చికిత్సలో కూడా ఈ రెండు హార్మోన్లూ ఒకదాని పనిలో ఒకటి తలదూరుస్తాయి. 45 ఏళ్ళలోపే అండాశయాలు కోల్పోయిన స్త్రీకి, రొమ్ము క్యాన్సర్ వంటి అభ్యంతరాలు లేనప్పుడు, సహజంగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా ఈస్ట్రోజన్ ఇవ్వడం మంచిదని నిపుణుల సిఫారసు. గర్భసంచి లేదు కాబట్టి, దాని లోపలి పొరను కాపాడడానికి ఇచ్చే ప్రొజెస్టరాన్ చాలామందికి అక్కరలేదు. 2002లో అమెరికాలో ఆగిపోయిన ఒక పెద్ద ప్రయోగం తర్వాత హార్మోన్ మాత్రలంటేనే పుట్టిన భయం, సగటున 63 ఏళ్ళ వయసున్న స్త్రీలకు, ఈస్ట్రోజన్‌నూ ప్రొజెస్టరాన్ తరహా హార్మోన్‌నూ కలిపి ఇచ్చినప్పుడు వచ్చిన ఫలితాలను బట్టి పుట్టినదే గాని, ముప్పై అయిదేళ్ళకే అండాశయాలు పోగొట్టుకున్నవారి అనుభవం నుంచి కాదు. అయితే మింగే ఈస్ట్రోజన్, రక్తంలో థైరాక్సిన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్‌ను కాలేయం ఎక్కువగా తయారుచేసేట్లు చేస్తుంది. దానితో కణాలకు అందే థైరాక్సిన్ తగ్గి, అప్పటికే థైరాయిడ్ మాత్ర వాడుతున్న స్త్రీకి మోతాదు పెంచవలసి రావచ్చు. చర్మానికి అంటించే పట్టీ, రాసుకునే జెల్ రూపంలో ఇచ్చే ఈస్ట్రోజన్‌తో ఈ ఇబ్బంది దాదాపుగా ఉండదు.

మాత్ర వేసుకునే తీరు మరో పెద్ద విషయం. థైరాక్సిన్‌ను పరగడుపున మంచినీళ్ళతో మింగి, అరగంట నుంచి గంటసేపు చాయ్ కూడా తాగకుండా ఉండాలి. ఆపరేషన్ తర్వాత రాసిచ్చే కాల్షియం, ఐరన్ మాత్రలు పేగులో థైరాక్సిన్‌ను పట్టుకొని రక్తంలోకి చేరనీయవు. వీటి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలని చెప్పేవారు లేక, మూడింటినీ ఒకే గుక్కలో మింగి, మందు పనిచేయడం లేదని డాక్టర్లను మార్చేవారు ఉంటారు. మోతాదు మారిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు గాని టీఎస్‌హెచ్ స్థిరపడదు కాబట్టి, పదిహేను రోజులకే మళ్ళీ పరీక్ష చేయించడం డబ్బు దండగ. ఒళ్ళు తగ్గుతుందన్న ఆశతో మోతాదును సొంతంగా పెంచుకోవడం అన్నిటికంటే ప్రమాదకరం. ఎక్కువైన థైరాక్సిన్ ఎముకలను కరిగిస్తుంది, గుండె దడ పుట్టిస్తుంది, అండాశయాలు లేని స్త్రీకి ఎముకలకు రావలసిన రక్షణ అప్పటికే తప్పిపోయి ఉంటుంది.

ఈ పరీక్షల కోసం, అనవసరపు ఆపరేషన్లను ఆపడం కోసం ప్రభుత్వం, న్యాయస్థానం వైపు నుంచి కూడా ప్రయత్నాలు జరిగాయి. తెలంగాణలో స్త్రీలకు థైరాయిడ్, నెలసరి, ముట్లుడిగే దశ సమస్యలకు ప్రతి మంగళవారం పరీక్షలు జరపడానికి ఉద్దేశించిన ఆరోగ్య మహిళ కార్యక్రమం 2023 మార్చి 8న కరీంనగర్‌లోనే మొదలైంది. అదే ఏడాది ఏప్రిల్‌లో, అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ఇప్పటికే ఆపరేషన్ అయిపోయిన స్త్రీ విషయంలో డాక్టరుకు మొదట కావలసింది డిశ్చార్జి కాగితం, తీసిన అవయవాన్ని పరీక్షించి ఇచ్చిన బయాప్సీ రిపోర్టు. గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా పోయాయా అన్నది చాలామందికి తెలియదు. ఆ సంగతి ఈ రెండు కాగితాల్లో రాసి ఉంటుంది. ఆ కాగితాలు పోయినట్లయితే ఆపరేషన్ జరిగిన ఆసుపత్రిలో నకలు అడగవచ్చు. అదీ దొరకనప్పుడు కడుపు స్కానింగ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్ష కలిపి చూసి చాలావరకు తేల్చవచ్చు.