గోదావరి ఉపగ్రహ చిత్రాలకు ఒక చిరునామా

విష్ణుపురి జలాశయం నుండి నాందేడ్ నగరం పక్కగా సాగే గోదావరి, ధర్మాబాద్ తాలూకాలోని బాబ్లీ బ్యారేజీ దాటి తెలంగాణలో ప్రవేశిస్తుంది. 2013 ఫిబ్రవరి 28న సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ప్రకారం బాబ్లీ గేట్లను ఏటా జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు ఎత్తి ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీల నీటిని దిగువకు విడువాలి. ఎగువన ధర్మాబాద్ రైతుకూ, దిగువన శ్రీరాంసాగర్ ఆయకట్టు రైతుకూ ఈ తేదీలు ప్రాణప్రదమైనవి. ఆ తేదీలకు ముందూ తరువాతా నది ఎలా ఉన్నదో ఇరు తీరాలవారూ ఒకే చిత్రంలో చూడగలరా? చూడగలరు. చిత్రాలు ఉన్నవి, ఉచితంగానే ఉన్నవి. చిరకాలంగా లోపించినది వాటిని వెదికి పట్టుకొనే మార్గమే.

ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు రెండు కలిసి ఐదు రోజులకొకసారి ఈ ప్రాంతాన్ని చిత్రిస్తాయి. అమెరికా వారి ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుండి ఉన్నవి. 2008 నుండి అందరికీ ఉచితం. భారతీయ ఉపగ్రహాల చిత్రాలను హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ‘భూనిధి’ ద్వారా అందిస్తున్నది. అయితే ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క తీరున పేర్లు పెట్టి, ఒక్కొక్క తీరున భద్రపరచింది. ఒక భాండాగారానికి వ్రాసిన సాఫ్ట్‌వేర్ మరొకదానికి పనికివచ్చేది కాదు.

ఈ చిక్కును తీర్చడానికి 2017లో పలు సంస్థల నిపుణులు కలిసి ఆరంభించిన ఉమ్మడి ప్రమాణమే ‘స్పేషియో టెంపోరల్ అసెట్ క్యాటలాగ్’, క్లుప్తంగా ‘స్టాక్’. దీని 1.0 రూపం 2021 మే నెలలో వెలువడింది. గ్రంథాలయంలో ప్రతి పుస్తకానికీ ఒక కార్డు ఉన్నట్లు, ఇందులో ప్రతి చిత్రానికీ ఒక చిన్న పత్రం ఉంటుంది. దానిని ‘ఐటమ్’ అంటారు. చిత్రం ఆవరించిన నేల సరిహద్దు, తీసిన తేదీ, వేళ, మేఘాల శాతం, అసలు చిత్రం ఉన్న లంకె అందులో ఉంటాయి. ఒకే జాతి ఐటమ్‌ల సముదాయం ‘కలెక్షన్’. పత్రంలో చిత్రం ఉండదు. చిరునామా మాత్రమే ఉంటుంది. కనుకనే లక్షలాది పత్రాలను క్షణాలలో గాలించవచ్చు.

దీని సౌలభ్యం నాందేడ్ జిల్లాకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. పటాలలో వాడే 43వ, 44వ మండలాలను వేరుచేసే 78 డిగ్రీల రేఖాంశం ఈ జిల్లా గుండా పోతుంది. నాందేడ్ నగరం రేఖకు పడమట, కిన్వట్ తూర్పున. సెంటినెల్ చిత్రాల పేర్లు ఈ మండలాల అంకెలతోనే ఏర్పడతాయి. స్టాక్ వెదుకులాటలో ఆ లెక్క తెలియనక్కరలేదు. స్థలమూ తేదీలూ చెబితే చాలు.

నేడు ఎలిమెంట్ 84 సంస్థ ‘ఎర్త్ సెర్చ్’, మైక్రోసాఫ్ట్ ‘ప్లానెటరీ కంప్యూటర్’, ఐరోపా వారి ‘కోపర్నికస్ డేటా స్పేస్’, ల్యాండ్‌శాట్ భాండాగారం ఈ పద్ధతిలోనే సమాధానమిస్తాయి. ప్రోగ్రాములు వ్రాయగలవారికి ‘పైస్టాక్ క్లయింట్’ ఉన్నది. వ్రాయలేనివారికి ‘స్టాక్ బ్రౌజర్’, క్యూజిస్ ఉన్నవి. స్వంత క్యాటలాగ్ నడపదలచిన కార్యాలయాలకు ‘స్టాక్ ఫాస్ట్ ఏపీఐ’, ‘పీజీస్టాక్’ ఉచితంగా లభిస్తాయి. ఎర్త్ సెర్చ్‌లోని సెంటినెల్-2 చిత్రాలు, వలసిన ముక్కను మాత్రమే చదువుకొనే విధంగా భద్రపరచబడినవి. నగరం కోసం సుమారు 110 కిలోమీటర్ల చదరం మొత్తం దింపుకోనవసరం లేదు.

కొత్తవారు తప్పక తడబడే చోట్లు కొన్ని ఉన్నవి. స్టాక్‌లో రేఖాంశం ముందు, అక్షాంశం తరువాత. నాందేడ్‌కు 77.3, 19.15 అని వ్రాయాలి. తారుమారైతే వెదుకులాట ఉత్తర ధ్రువానికి చేరువలోని స్వాల్‌బార్డ్ పరిసరాలకు పోతుంది! వేళ కూడా గ్రీనిచ్ లెక్కలో ఉంటుంది. పత్రంలో ఉదయం ఐదు దాటినట్లు కనిపిస్తే, ఇక్కడ పదకొండు కావస్తున్నదని అర్థం. అన్నిటికంటె మోసపుచ్చేది మేఘాల శాతం. అది చిత్రం మొత్తానికి చెందిన లెక్క. పది శాతమే అని ఉన్నప్పటికీ ఆ పది శాతమూ సరిగ్గా నాందేడ్ మీదనే ఉండవచ్చు.

గేట్లు ఎత్తి ఉండే నాలుగు నెలలూ మేఘాల కాలమే. వరద నాడు మామూలు చిత్రంలో తెల్లని పొర తప్ప మరేమీ కనిపించదు. అప్పుడు ‘సెంటినెల్-1’ కలెక్షన్‌ను వెదకాలి. అది రాడార్ చిత్రం; మేఘాలనూ చీకటినీ దాటి చూస్తుంది, నిశ్చలమైన నీరు అందులో నల్లగా కనిపిస్తుంది. కానీ ఇండ్ల నడుమ నిలిచిన నీటిని అది స్పష్టంగా పట్టలేదు. నీటి విస్తీర్ణం తెలుస్తుంది గాని లోతు తెలియదు. సెంటినెల్-2 లోనూ ఒక చుక్క నేల మీద పది మీటర్లు. వీధి కాలువ పూడిందో లేదో అందులో కనిపించదు. అక్టోబరు 29 తరువాత ఆకాశం తేటపడుతుంది. బాబ్లీ ఎగువన నీరు ఎంత మేర పరచుకున్నదో, మార్చి 1 తరువాత ఎంత తగ్గిందో చూడడానికి మాత్రం ఆ పది మీటర్ల చుక్క చాలును.