మార్కాపురపు పలకయు, విశ్వవిద్యాలయమును

ఓనమాలు దిద్దిన ఆంధ్రులలో మార్కాపురమునకు ఋణపడనివారు అరుదు. నడివయస్సు దాటిన మన చదువరులలో పెక్కురు మొట్టమొదట అక్షరము దిద్దిన నల్లని పలక ఆ సీమ గనులలో చీల్చబడి, ఆ యూరి కార్ఖానాలలో కొయ్యచట్రము బిగింపబడి, సంతలగుండ మన యిండ్లకు వచ్చినదే. లోకమునకు చదువు చెప్పిన ఆ రాతిని గుఱించి మన విద్యాపీఠములు తాము నేర్చినదెంత, నేర్చినదానిలో ఆ రాతిని చీల్చువారికి చేరినదెంత యను ప్రశ్న చిరకాలముగా మమ్ము బాధించుచున్నది. పశ్చిమ ప్రకాశమని మనము పిలుచుచు వచ్చిన మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతముల భాగ్యము ఆ ప్రశ్నతో ముడిపడియున్నది గనుక నేడు దానిని చదువరుల యెదుట నుంచుచున్నాము.

శాస్త్రము ఈ రాతిని ఎఱుగదనుటకు వీలులేదు. 1872లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగు కడప, కర్నూలు శిలలను గుఱించి పెద్ద గ్రంథమును ప్రకటించెను. నల్లమలల ప్రక్కనున్న యీ పలకరాతి పొరలకు నాటినుండి శాస్త్రజ్ఞులు కంభము పేరనే వ్యవహరించుచున్నారు. నూఱు కోట్ల యేండ్లకు పూర్వము నీటి యడుగున పేరుకొనిన మెత్తని బురద, భూమి యొత్తిడికి గట్టిపడి, ఒకే దిక్కునకు తిరిగిన సన్నని పొరలుగా మారినదని వారు చెప్పుదురు. అందుచేతనే ఉలి మోపి సుత్తితో మెల్లగా కొట్టినచో కాగితపు దొంతరవలె అది విడివడును. కంభము పేరు ఇట్లు ప్రపంచమందలి భూగర్భశాస్త్ర గ్రంథములకు ఎక్కినది. ఆ గ్రంథములు మాత్రము కంభమునకు దిగి రాలేదు.

ఒకప్పుడు మేమొక కార్ఖానా ముంగిట ఒక వృద్ధుడు రాతిని పరీక్షించుట చూచితిమి. అతడు పలకను ఎడమచేతి వ్రేళ్లపై నిలిపి, కుడిచేతి కణుపుతో తట్టి, చెవి యొగ్గి వినుచుండెను. గంటవలె ఖణీలుమన్నది ఒక వరుసలోనికి పోయెను. మొద్దుగా మ్రోగినది చెత్తకుప్పలోనికి పోయెను. లోపల కంటికానని పగులున్నచో రాయి మ్రోగదట. ఈ విద్య నెవరు నేర్పిరని యడుగగా, నేర్పుట కేమున్నదయ్యా, వినగా వినగా చెవికి తెలియునని అతడు నవ్వెను. ఆ చెవి విలువ ఏ పట్టమునకును తీసిపోదు. కాని అతని కుమారుడు ఆ పనిలో లేడు. అతనితో ఆ చెవియు పోవును.

పలకకు కాలము మాఱినది. కాగితపు పుస్తకమును, ప్లాస్టిక్కు పలకయు బడిలోనికి వచ్చినవి. మార్కాపురపు వర్తకులు ధైర్యము విడువక నేలకును, గోడకును, ఇంటికప్పునకును పనికివచ్చు బిళ్లలను కోయించి విదేశములకు సైతము ఎగుమతి చేయసాగిరి. నలుపు, ఆకుపచ్చ, బూడిద వన్నెలు కలిసిన రాయి గనుక చూచువారికి నచ్చినది. ఈ మార్పు వారు స్వంత బుద్ధిబలముచేత సాధించినదే గాని ఏ విద్యాలయము యొక్క తోడ్పాటుననో జరిగినది కాదు. అయితే ఇంటిపిల్లవానికి పలక యమ్ముట వేఱు, మంచు కురియు దేశములో ఇంటికప్పునకు రాయి యమ్ముట వేఱు. ఐరోపా దేశములలో కప్పుపలకకు పరీక్షలున్నవి: నీరెంత పీల్చును, ఎంత బరువునకు విఱుగును, ఎండకు తడికి మార్చి మార్చి గుఱిచేసినచో పొర లేచునా, రాతిలో సున్నపుపదార్థ మెంత, గంధకపు పొగకు మెత్తబడునా యని శోధింతురు. రాతిలో ఇనుమును గంధకమును కలిసిన మెఱుపురేణువులున్నచో అవి కొన్నాళ్లకు త్రుప్పుపట్టి గోడపై ఎఱ్ఱని చారలు కార్చును. ఏ గనిలో, ఏ పొరలో ఆ రేణువు లెక్కువయో తెలిసియున్నచో సరకు పంపుటకు ముందే వేఱుచేయవచ్చును. తెలియనిచో కొనినవాని ఫిర్యాదు వచ్చినపిమ్మట తెలియును. అప్పటికి పేరు పోవును.

కుప్పలమాట చెప్పనక్కఱలేదు. గనినుండి తీసిన రాతిలో అమ్ముడుపోవు భాగము కొంచెమే. తక్కినది గుట్టలై పొలములగట్లపై పడియున్నది. ఆ ప్రాంతమున భూమిగల మన చదువరులకు ఆ గుట్టలు ఎంత నేలను మ్రింగుచున్నవో మాకంటె బాగుగ తెలియును. పలకరాతిపొడిని రబ్బరులోను, రంగులలోను, తారులోను కలుపుదురు. కొలిమిలో కాల్చి ఉబ్బించి తేలికపాటి కాంక్రీటునకు కంకరగా వాడుట కలదు. మన రాయి వీనిలో దేనికి తగునో, ఎంత వ్యయమగునో తేల్చుట రసాయనశాస్త్రము చదివిన ఒక యువకునికి రెండేండ్ల పని.

అన్నిటికంటె గొప్పది ఊపిరి ప్రశ్న. మధ్యప్రదేశమున మంద్‌సౌరు ప్రాంతమున బలపములు కోయు కూలీలకు రాతిదుమ్ము ఊపిరితిత్తులలో పేరుకొని సిలికోసిస్ అను మాఱుమందులేని వ్యాధి సోకినట్లు అహమ్మదాబాదునందలి జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. అచట పరిశోధన జరిగినది గనుక లోకమునకు తెలిసినది. పొడిగా కోయుచోట దుమ్ము లేచును, నీరు చిమ్ముచు కోయుచోట అణగును. కాని నీటికే కటకటపడు సీమలో వాడిన నీటిని తేర్చి మఱల వాడుకొను తొట్లు కావలెను. ఆ తొట్టి కొలత యెంత, మడ్డి నేమి చేయవలెను, దుమ్మును కొలుచు పరికరము నెచట నుంచవలెను అను ప్రశ్నలు ఇంజనీరింగు విద్యార్థికి పరీక్షలో నియ్యదగినవి. పరీక్షకంటె పనిలో నియ్యదగినవి. మఱియొక మాట దాచుట న్యాయము కాదు. ఇతరుల పిల్లల కొఱకు పలకలు చేసిన చేతులలో బడి యెఱుగని పిల్లల చేతులును ఉండెను. 1988లో కేంద్రప్రభుత్వము బాలకార్మికుల విముక్తికై పథకము ప్రారంభించినప్పుడు మార్కాపురపు పలకల పరిశ్రమ దానిలో చేరుటయే అందులకు సాక్ష్యము. ఈ పరిశ్రమకు చదువు ఋణపడియున్నదని మేమనుట కేవలము అలంకారము కాదు.

ఇట్టి చిక్కులకు ఇంగ్లండువారు కనుగొనిన యుపాయ మొకటి పరిశీలింప దగినది. 1975లో వారు ఒక పథకము ప్రారంభించిరి; 2003నుండి అది విజ్ఞాన వినిమయ భాగస్వామ్యము అను అర్థముగల పేరున సాగుచున్నది. దానిలో ముగ్గురు భాగస్వాములు: ఒక వ్యాపారసంస్థ, ఒక విశ్వవిద్యాలయము, ఒక పట్టభద్రుడు. వ్యాపారి తన చిక్కును ముందుగా వ్రాసి యియ్యవలెను. పట్టభద్రుడు ఒక యేడాదినుండి మూడేండ్లవఱకు ఆ కార్ఖానాలోనే కూర్చుండి పనిచేయును. ఆచార్యుడు వచ్చి చూచిపోవుచు దారిచూపును. చిన్న సంస్థయైనచో వ్యయములో సుమారు మూడవవంతు అది భరించును, తక్కినది ప్రభుత్వ మిచ్చును. ఈ యేర్పాటులోని కీలకము ధనము కాదు, కూర్చుండు చోటు. మన దేశమున ఆచార్యులు కర్మాగారమును చూచుటకు వత్తురు. టీ త్రాగి, ఫోటో తీయించుకొని, ఒప్పందపత్రముపై సంతకము చేసి పోదురు. ఆ పత్రము బీరువాలో నిద్రించును. గనిలో రెండు వేసవులు గడపిన యువకుడు వేఱు.

పలకరాతికిని విశ్వవిద్యాలయమునకును చుట్టఱికము కొత్తది కాదు. ఇంగ్లండు ప్రక్కనున్న వేల్సు దేశమున వాయవ్యభాగము మార్కాపురమువంటి పలకగనుల సీమ. 1884 అక్టోబరు 18న అచటి బాంగరు పట్టణమున ఒక పాత సత్రములో విశ్వవిద్యాలయ కళాశాల ప్రారంభమైనది. దానికి చందా లిచ్చినవారిలో గనికూలీలును, సేద్యగాండ్రును ఉండిరి. గనికూలీలు తమ వారపు కూలిలోనుండి చిల్లరనాణెములు తీసి యిచ్చిరి. తమ పిల్లలు చదువుకొనవలెనని రాయి కొట్టువారు కట్టించిన విద్యాలయ మది. మనవారు కూలీల చందాకై యెదురుచూడ నక్కఱలేదు. గనులయజమానులు, భూస్వాములు ఆ మనసు చూపిన చాలును.

మన చరిత్రయు ఇట్టి యౌదార్యమునకు దూరమైనది కాదు. 1910లో మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావుగారు ఆంధ్రజాతీయ కళాశాలను నెలకొల్పి చదువుతో పాటు చేతిపనిని నేర్పించిరి. 1926లో పుట్టిన ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు జయపురాధీశ్వరులు విక్రమదేవవర్మగారు ఏటేట లక్షరూపాయల దానము చేయగా వాల్తేరున విజ్ఞాన, సాంకేతిక కళాశాల వర్ధిల్లినది. ఆ పరిషత్తున భూగర్భశాస్త్ర శాఖను నడపిన మహాదేవన్‌గారు చంద్రశేఖర వేంకటరామన్ శిష్యులు. అయితే దాత యిచ్చుటయు, విద్వాంసుడు పుచ్చుకొనుటయు భాగస్వామ్యము కానేరదు. అందు రాయి కొట్టువానికి చోటు లేదు.

వేఱొక హెచ్చరికయు కలదు. 1920 తర్వాత గుంటూరు సీమలో వర్జీనియా పొగాకును, కొలిమిలో ఆకు ఆరబెట్టు విద్యను రైతులకు నేర్పినది విదేశీయ పెట్టుబడితో నడచిన కొనుగోలు కంపెనీ. రైతు నేర్చుకొనెను, లాభము నుండెను. కాని ఏ ఆకు మంచిదో నిర్ణయించునది కొనువాడే, నేర్పినవాడును కొనువాడే. 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనాలయము ఏర్పడినపిదపగాని రైతుపక్షమున నిలిచి చెప్పగల శాస్త్రము లేకపోయెను. విద్యను ఒక పక్షమువారు మాత్రమే పట్టుకొనియుండు భాగస్వామ్యమున రెండవపక్షము శిష్యుడుగానే మిగులును.

నేడు రైతునకు కొంత ఆదరువు కలదు. దర్శియందు ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి కృషి విజ్ఞాన కేంద్ర మున్నది. గిద్దలూరు మిరపరైతు ఆకుముడుతకు మందేమని యడుగుటకు ఒక తలుపున్నది. పలకకార్ఖానావానికి అట్టి తలుపు లేదు. ఒంగోలున ఆంధ్రకేసరి పేరున విశ్వవిద్యాలయము వెలసినది. ప్రకాశముగారి పేరు పెట్టుకొన్న సంస్థకు పడమటి తాలూకాలు దూరదేశములు కారాదు. చట్టములును అడ్డుగా లేవు. 1961నాటి అప్రెంటిసుల చట్టము ప్రకారము 30మంది పనివారున్న సంస్థ శిక్షణార్థులను తీసికొని తీరవలెను. నలుగురు మొదలుకొని యున్న చిన్న సంస్థలు ఇచ్ఛానుసారము తీసికొనవచ్చును. శిక్షణార్థుల భృతిలో కొంత కేంద్రము భరించు పథకము 2016లో వచ్చినది. 2022లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము మఱియొక మంచిపని చేసినది: వృత్తిలో పదునైదేండ్లు పండినవారిని, పట్టములు లేకపోయినను, ఆచార్యులుగా నియమించుకొనుటకు వీలు కల్పించినది. ఆ నియమమును ఇంతవఱకు పెద్ద కంపెనీల పదవీవిరమణ చేసిన అధికారుల కొఱకే తలచుచున్నారు. రాతిని తట్టి వినగల వృద్ధుడు భూగర్భశాస్త్ర విద్యార్థులయెదుట ఒక నెల నిలువరాదా? నిలిచినచో పాఠ మెవరికి లాభమో చూడవలసినదే.

మా సూచన యిది. ఒక్కొక్క యజమాని ఒక్కొక్క పట్టభద్రుని భరింపలేడు. పదిమంది కూడి ఒకనిని భరింపగలరు. రెండేండ్లు, మూడవవంతు వ్యయము యజమానుల కూటమిది, తక్కినది ప్రభుత్వమును, విశ్వవిద్యాలయమును తెచ్చుకొనవలెను. ఒప్పందము తెలుగున నుండవలెను. కనుగొనిన ఉపాయము పదిమందికిని చెందవలెను, ఒకని తిజోరీలో దాగరాదు. ఇచట యజమానులు వెనుదీయుదురని మే మెఱుగుదుము, పక్కవానికి గుట్టు తెలియునను భయము మన వర్తకులకు పాతది. కాని దుమ్ములెక్క మాత్రము ఎవరి గుట్టును కాదు. కార్ఖానాలలో కొలిచిన దుమ్ముయొక్క లెక్కయు, పనివారి ఊపిరిపరీక్షల ఫలితములును పనివారికి తెలుగున చదివి వినిపింపవలెనను షరతు లేనిచో ఆ యొప్పందముపై సంతకము చేయరాదని మా యభిప్రాయము.

విశ్వవిద్యాలయము తానై వచ్చునని కూర్చుండిన లాభము లేదు. రాబోవు విద్యాసంవత్సరము తలుపులు తెరచుటకు మున్నే యజమానుల సంఘమువారు ఒంగోలునకు ఒక యుత్తరము వ్రాయవచ్చును: మా కుప్ప యింత, మా దుమ్ము యింత, మా సరకునకు ఈ పరీక్షలు కావలెను, మీ కుఱ్ఱవానికి ఒక గదియు, బల్లయు, వ్యయములో మా పాలును సిద్ధముగా నున్నవని. ఆ యుత్తరముతో పాటు రాతిముక్కలు రెండు పంపుట మంచిది. ఒకటి మ్రోగునది, ఒకటి మ్రోగనిది.