కృత్రిమ మేధకు నీతిపాఠం: విద్యార్థుల కోరిక వెనుక ఉన్నదేమిటి?

ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గరకు వెళ్లే కార్మికునికి యంత్రం నడపడానికి ముందే భద్రతా నియమాలు నేర్పుతారు. ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన భిలాయి నగరానికి ఇది కొత్త విషయం కాదు. అక్కడి తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరిలో నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. నేడు అదే ఊరి పేరును ధరించిన ఐఐటీ డేటా సైన్స్, కృత్రిమ మేధ అంశాలలో బీటెక్ బోధిస్తోంది. ఈ కొత్త యంత్రానికి భద్రతా నియమాలను ఎవరు, ఏ తరగతిలో నేర్పాలన్నదే ప్రస్తుత చర్చ.

ఈ ప్రశ్నను ప్రపంచం ముందుంచిన వారిలో విద్యార్థులూ ఉన్నారు. భారతీయ సంతతికి చెందిన స్నేహా రేవణూర్ 2020లో, పదిహేనేళ్ల వయసులో, కాలిఫోర్నియాలో ‘ఎన్‌కోడ్ జస్టిస్’ అనే సంస్థను స్థాపించారు. నగదు పూచీకత్తుకు బదులు, నిందితుని వల్ల కలిగే ముప్పును లెక్కగట్టే పద్ధతిని ప్రవేశపెట్టాలన్న ప్రతిపాదన అప్పుడు ఆ రాష్ట్ర ఓటర్ల ముందుంది. అటువంటి లెక్కలు పాత అరెస్టుల సమాచారంపై ఆధారపడతాయి. గతంలో ఒక వర్గాన్ని పోలీసులు ఎక్కువగా పట్టుకొని ఉంటే, యంత్రం ఆ వర్గాన్నే ప్రమాదకరమైనదిగా చూస్తుంది. పక్షపాతం పోదు, దానికి అంకెల ముసుగు పడుతుంది. ఆ ఏడాది నవంబరులో ఓటర్లు ప్రతిపాదనను తిరస్కరించారు. తరువాత ఆ సంస్థ పాఠశాలల్లో కృత్రిమ మేధ నీతిపై శిక్షణ తరగతులు కూడా నిర్వహించింది. 2023లో టైమ్ పత్రిక ప్రకటించిన కృత్రిమ మేధ రంగపు వందమంది ప్రముఖుల జాబితాలో పిన్న వయస్కురాలు ఆమే.

ఇది అమెరికా సమస్య మాత్రమేనని అనుకోవడానికి వీలు లేదు. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ వేర్వేరు ప్రభుత్వ శాఖల రికార్డులను పేరు, చిరునామాల పోలికతో జతచేసి, సంక్షేమ పథకాల అర్హతను పరిశీలిస్తుంది. మన ఊళ్లలో ఒకే పేరు గలవారు ఎందరుంటారో చెప్పనక్కరలేదు. రిక్షా తొక్కి బతికిన ఒక వ్యక్తిని ఈ పోలికే కారు యజమానిగా చూపగా, అతని కుటుంబానికి ఆహార భద్రత కార్డు దక్కలేదు. కారు తమది కాదని నిరూపించుకోవలసిన భారం ఆ కుటుంబంపైనే పడింది. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

అటువంటి వ్యవస్థను రూపొందించే ఇంజినీరు చదువులో కొన్ని ప్రశ్నలు తప్పనిసరిగా ఉండాలి. ఈ సమాచారం ఎవరిది? పొరపాటు జరిగితే నష్టపోయేదెవరు? వారు ఎవరికి మొరపెట్టుకోవాలి? యంత్రం ఇచ్చిన తీర్పును మార్చే అధికారం ఏ మనిషికి ఉంది? వీటికి గణితంలో సమాధానం దొరకదు. అందుకే విడిగా ఒక పాఠం చెప్పి పరీక్ష పెట్టడం కంటే, ప్రాజెక్టు చేయించే ప్రతిసారీ ఈ ప్రశ్నలు అడిగించడం మేలు.

దేశంలో కొంత కదలిక ఉంది. సీబీఎస్‌ఈ 2019–20 నుంచి కృత్రిమ మేధను తొమ్మిదో తరగతిలో ఐచ్ఛికాంశంగా ప్రవేశపెట్టింది. అందులో నైతికతకూ చోటుంది. 2021 నవంబరులో యునెస్కో సభ్యదేశాలు ఆమోదించిన సిఫారసు సైతం ఈ విద్య అన్ని స్థాయిల్లో అవసరమని పేర్కొంది. 2026–27 నుంచి మూడో తరగతి మొదలుకొని కృత్రిమ మేధను బోధించనున్నట్లు కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది. పాఠ్యపుస్తకం అచ్చువేయడం సులువు. ఆ పసివారి ప్రశ్నలకు జవాబు చెప్పగల ఉపాధ్యాయులను సిద్ధం చేయడమే అసలు కష్టమైన పని.