వాలిన పైరెప్పకు శస్త్రచికిత్స అవసరమా?

"అమ్మాయి పెళ్ళి దగ్గరపడింది. వాలిన పైరెప్పలకు ఆపరేషన్ చేయించుకోమంటారా, తైలంతో తగ్గుతాయా?" అని గుర్రంకొండలో నన్ను గృహిణులు అడుగుతుంటారు.

వయసుతో సాగిన చర్మం తైలలేపనాలతో బిగువు కాదు. శస్త్రచికిత్స మన శాస్త్రానికి కొత్తా కాదు. రెప్పవెంట్రుకలు లోనికి తిరిగి కంటిని గుచ్చే పక్ష్మకోపంలో, కనుబొమ క్రింద యవగింజ ఆకారంలో చర్మం కోసి, వెంట్రుకతో కుట్టమన్నాడు సుశ్రుతుడు. అది బాధానివారణకే గాని అందానికి కాదు.

మనకూ అదే గీటురాయి. రెప్ప హఠాత్తుగా వాలినా, సాయంత్రానికి మరింత వాలినా, వస్తువులు రెండుగా కనిపించినా నరాల, కండరాల వ్యాధి కావచ్చు. వెంటనే వైద్యుని సంప్రదించండి. చూపునకు అడ్డుపడితే నేత్రవైద్యుని సలహాపై శస్త్రచికిత్స ఉచితమే. కేవలం అందానికైతే నిదానించండి. చర్మం ఎక్కువగా తీస్తే రెప్ప పూర్తిగా మూతపడదు. పొడికళ్ళవారికి బాధ హెచ్చుతుంది. చూపు హాయిగా ఉన్నప్పుడు వయసు తెచ్చిన మడత రోగం కాదు.