ఇసుకలో జారిన ఉంగరం

ఆదివారం వచ్చిందంటే చాలు, పిల్లలు ‘బీచ్‌కి వెళ్దామమ్మా’ అని పేచీ పెడతారు. సరేనని పులిహోర కలిపి, మంచినీళ్ల సీసాలు సర్దుకుని, కొండ దాటి యారాడ వెళ్తాం. మూడువైపులా కొండలు, ఎదురుగా సముద్రం. పొద్దే తెలీదు. తీరా ఇంటికి బయల్దేరేటప్పుడు చూసుకుంటే వేలికి ఉంగరం ఉండదు! గుండె గుభేలుమంటుంది కదూ? చన్నీళ్లకి వేళ్లు కాస్త సన్నబడతాయి. జారిపోయిన సంగతి మనకే తెలీదు.

విదేశాల్లో కొన్ని కుటుంబాలు పిల్లాపాపలతో సహా మెటల్ డిటెక్టర్లు పట్టుకుని బీచ్‌లో వెతకడం ఓ సరదా. కర్ర చివర ఉన్న తీగచుట్ట చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. దగ్గర్లో లోహం ఉంటే యంత్రం ‘కుయ్’మంటుంది. అలాగని దాన్నే నమ్ముకోకండి. విశాఖ తీరపు ఇసుకలో ఇనుము కలిసిన నల్ల రేణువులుంటాయి. వాటికీ, ఉప్పునీటి తడికీ కూడా అది ఉత్తుత్తినే కూస్తుంది. సన్నటి గొలుసునైతే ఒక్కోసారి పట్టనే పట్టదు.

మరి ఏం చెయ్యాలంటారా? ముందు అందరూ నిలబడ్డచోటే ఆగండి. తొక్కితే వస్తువు ఇంకా లోపలికి పోతుంది. కూర్చున్నచోటు చుట్టూ గీత గీసి, గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో పైపొర ఇసుక జల్లెడ పట్టండి. నీళ్లలో పడిందా, ఆశ వదులుకోండి. యారాడ అలలు మనిషిని లోపలికి లాగేస్తాయి. అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఉంగరం మళ్లీ చేయించుకోవచ్చు!

పిల్లలకి మాత్రం ఖర్చులేని ఆట ఒకటుంది. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి పొడి ఇసుకలో తిప్పమనండి. నల్ల రేణువులు గుత్తులుగా అంటుకుంటాయి. బంగారం మాత్రం అంటుకోదు సుమా!

వెతుకులాటలో ఇంకెవరిదో నగ దొరికితే? 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత ఉప్పాడ తీరంలో బంగారు ముక్కల కోసం జనం ఎగబడ్డారు. సముద్రం మింగేసిన ఇళ్లవీ, గుళ్లవీ అయ్యుంటాయని ఊరివాళ్లు అనుకున్నారు. అంటే ఒకరికి దొరికింది ఇంకొకరు పోగొట్టుకున్నదే! దొరికిన ఉంగరాన్ని, సొంతదారు ఎవరో కనుక్కోకుండా అమ్మేసుకోవడం నేరమని 1860 నాటి శిక్షాస్మృతే ఉదాహరణతో సహా చెప్పింది. 2024 జులైలో అమల్లోకొచ్చిన న్యాయ సంహితదీ అదే మాట. పోలీసు స్టేషన్లో అప్పగించండి. భూమిలో దాచిన పాత నిధి బయటపడితే, విలువ 10 రూపాయలు దాటినా కలెక్టరుకి తెలియజేయాలని 1878 చట్టం ఉంది.

అసలు ఈ బాధే లేకుండా, బయల్దేరేముందే ఉంగరాలు బీరువాలో పెట్టెయ్యండి. మెళ్లో గొలుసు కొక్కెం వదులైతే కంసాలి చేత బిగింపించుకోండి. అయినా ఎప్పుడైనా ఇసుకలో మీ కంటికి ఏదైనా మెరిస్తే, ఒక్క క్షణం ఆగండి. దానికోసం ఏ ఇంట్లో ఏ ఇల్లాలు అన్నం మానేసి కూర్చుందో!