పాత గోడ, కొత్త పూత

పాత కోడు కనబడగానే "అంతా తీసేసి కొత్తగా రాసేద్దాం" అనటం మనకి అలవాటు. దోహాలో నేషనల్ మ్యూజియం చూశాక ఆ మాట తేలిగ్గా అనలేకపోతున్నాను.

2019లో తెరిచిన జాన్ నువెల్ భవనం, ఆ ఎడారి గులాబీ, అందరికీ తెలిసిందే. అది చుట్టుకుని ఉన్నది షేక్ అబ్దుల్లా బిన్ జాసిం పాత రాజభవనాన్ని. 1975లో దాన్ని బాగుచేసి మ్యూజియంగా మార్చారు. 1980లో ఆ పనికి ఆగా ఖాన్ పురస్కారం కూడా వచ్చింది. కొత్త మ్యూజియం కోసం మళ్ళీ బాగుచేశారు!

ఇలాంటి కట్టడాలు ఒకసారి బాగుచేస్తే తీరిపోయేవి కావు. గల్ఫ్ పాత గోడలు రాయి, మట్టి, జిప్సంతో కట్టినవి. తీరంలో నేలలోని ఉప్పునీరు వాటిలోకి పాకుతుంది. పాతకాలపు పూత అయితే ఆ తేమని బయటికి ఆరిపోనిస్తుంది. సిమెంటు పూస్తే గోడ పైకి గట్టిగానే ఉంటుంది; తేమ లోపలే చిక్కి, ఉప్పు స్ఫటికాలు కట్టి, గోడని పిండి చేస్తాయి. (టెస్టులన్నీ పాసవుతూ లోపల మెమరీ లీకయ్యే ప్రోగ్రాములు మనం చూడలేదూ?)

మ్యూజియం అన్నాక ఏసీ, వైర్లు, లైట్లు తప్పవు. వాటిని రేపు ఎవరైనా ఊడదీసినా పాత గోడ చెక్కుచెదరకూడదు. అంటే "అన్‌డూ" ఉండాలి.

అక్కడి పాత ఇళ్ళలో గదులు ఇరుకెందుకో తెలుసా? తూర్పు ఆఫ్రికా నుంచి పడవల్లో వచ్చిన మడచెట్ల దుంగలే దూలాలు. వాటి పొడవుని బట్టే గది వెడల్పు.

ఒక క్లయింటు ప్రోగ్రాములో నాలుగు అర్థంకాని లైన్లు చెత్తనుకుని తీసేశాను. నెలాఖరున జీతాల లెక్క తప్పింది. అవీ ఆ దుంగల్లాంటివేనని అప్పుడు తెలిసింది.