ఆన్‌లైన్ తెలుగు బోధన: కాపీరైట్ మినహాయింపులు, పరిమితులు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో విన్న పాఠానికి తార్నాకలోని జిరాక్స్ దుకాణంలో ప్రతి తీయించుకోవడం విద్యార్థులకు అలవాటే. 2020లో కరోనా కారణంగా తరగతులు ఆన్‌లైన్‌కు మారడంతో ఆ కాగితపు ప్రతి స్థానాన్ని పీడీఎఫ్ ఆక్రమించింది. ఒక తరగతికి పరిమితమైన నకలు అంతర్జాలంలో ఎంతదూరమైనా పోగలదు. కనుక అధ్యాపకులు ఏ రచనను, ఎంతమేరకు, ఎవరికి అందించవచ్చునో పరిశీలించడం అవసరం.

1. హక్కు కాలపరిమితి

కాపీరైట్ చట్టం (1957) 22వ సెక్షన్ ప్రకారం, రచయిత జీవితకాలంలో ప్రచురితమైన సాహిత్య రచనపై హక్కు, ఆయన మరణించిన మరుసటి సంవత్సరారంభం నుంచి 60 ఏళ్లు కొనసాగుతుంది. 1953లో మరణించిన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’పై హక్కు 2013తో ముగిసింది. 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలకు అది 2043 చివరి వరకు ఉంటుంది. హక్కు తీరిన గ్రంథానికైనా ఇటీవలి సంపాదకులు రాసిన పీఠికకు, వ్యాఖ్యకు విడిగా రక్షణ ఉంటుంది. మూలాన్ని స్వేచ్ఛగా పంచవచ్చు గాని, కొత్త ముద్రణను మొత్తంగా స్కాన్ చేసి పంచడం వేరు.

2. బోధనకు మినహాయింపు

బోధనక్రమంలో ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని రచనను పునరుత్పత్తి చేయడం ఉల్లంఘన కాదని 52(1)(ఐ) సెక్షన్ చెబుతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఫోటోకాపీ దుకాణంపై ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో వేసిన దావాలో ఈ సెక్షనే కీలకమైంది. ‘బోధనక్రమం’ తరగతిగదిలోని ఉపన్యాసానికే పరిమితం కాదని ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2016 డిసెంబరులో స్పష్టం చేసింది. పుటల సంఖ్యను కాక, బోధనకు ఆ భాగం అవసరమా అన్నదానిని గీటురాయిగా నిలిపింది. 2017లో ప్రచురణకర్తలు దావాను ఉపసంహరించుకున్నారు.

3. ఆన్‌లైన్‌లో తలెత్తే చిక్కు

ఆ తీర్పు కాగితపు నకళ్లకు సంబంధించినది. 52(1)(ఐ) ‘పునరుత్పత్తి’ని పేర్కొంటుంది, ‘ప్రజలకు ప్రసారం’ 14వ సెక్షన్‌లో ప్రత్యేక హక్కుగా ఉంది. నమోదైన విద్యార్థులకు మాత్రమే తెరుచుకునే పాఠ్యవేదికలో ఒక కథను ఉంచడం బోధనక్రమానికి చేరువగా ఉంటుంది. అదే కథను యూట్యూబ్‌లో పూర్తిగా చదివి వినిపిస్తే శ్రోతలు విద్యార్థులే అన్న వాదన నిలవడం కష్టం.

4. ఆచరణ

పాఠ్యప్రణాళికకు అవసరమైన భాగాన్నే ఎంచుకోవాలి. రచయిత, గ్రంథం, ప్రచురణ వివరాలు తెలపాలి. ప్రవేశాన్ని తరగతికి పరిమితం చేసి, సెమిస్టర్ ముగిశాక తొలగించాలి. అధికారికంగా అందుబాటులో ఉన్న రచనకు లంకె ఇస్తే చాలు. బహిరంగ వీడియోలో విశ్లేషణే ప్రధానంగా ఉండి, ఉదాహరణ పరిమితంగా ఉండాలి. మొత్తం రచన కావాలంటే హక్కుదారుల లిఖితపూర్వక అనుమతి పొందాలి.

ముగింపు

చట్టభయంతో హక్కు తీరిన రచనలకే పరిమితమైతే ఆధునిక స్త్రీవాద, దళిత, మైనారిటీ సాహిత్యం ఆన్‌లైన్ పాఠాలకు దూరమవుతుంది. గ్రంథాలయం అందుబాటులో లేని దూరవిద్యా విద్యార్థికి ఆ నష్టం మరీ ఎక్కువ. విచ్చలవిడిగా పంచితే, తక్కువ ప్రతులతో నెట్టుకొచ్చే తెలుగు రచయితకు, ప్రచురణకర్తకు అన్యాయం జరుగుతుంది. మినహాయింపును దాని హద్దుల్లో ధైర్యంగా వినియోగించుకోవడమే ఇరువురికీ న్యాయం.